ఎవరి వంతు ఎంత?

మా అమ్మ దగ్గర ఒక సంచి ఉండేది. నాన్న ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగిపోతే, నడుము భాగాన్ని కత్తిరించి అడుగు మూసి కుట్టింది. కాళ్ళ గుడ్డ మడిచి పట్టీలు వేసింది. చిల్లర వేసుకోవడానికి పనికొస్తుందని జేబును అలాగే ఉంచింది. కూరగాయల బజారుకీ, పిండిమరకీ, రేషను షాపుకీ ఆ సంచి పదిహేనేళ్ళ పైనే తిరిగింది. అడుగు పిగిలితే ఇంకో గుడ్డముక్క వేసి కుట్టేది తప్ప పారేసేది కాదు.

ఇప్పుడు మా తలుపు వెనక మేకుకి పద్దెనిమిది గుడ్డసంచులు వేలాడుతున్నాయి. పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులుగా వచ్చినవి, బట్టల షాపువాళ్ళు ఇచ్చినవి, సభల్లో పంచినవి. వాటిలో సగం మీద "భూమిని కాపాడుదాం" అని అచ్చువేసి ఉంది.

మీకు తెలుసా? కొత్త నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితేగానీ, వాతావరణం మీద అది వేసే భారం పల్చటి ప్లాస్టిక్ సంచి భారానికి సమానం కాదు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో కట్టిన లెక్క ఇది. నీళ్ళు, ఓజోన్ పొర, ఇలా ఏ రకం నష్టంలోనూ ప్లాస్టిక్ సంచిని మించకూడదంటే ఆ అంకె 7,100కి చేరింది. పత్తి పండించడానికి పట్టే నీళ్ళు, కొట్టే మందులు, వడకడానికీ నేయడానికీ అయ్యే కరెంటు అంత బరువైనవి.

అంతమాత్రాన ప్లాస్టిక్ సంచి మంచిదని కాదు. ఆ లెక్క వీధిలో పారేసిన సంచి సంగతి పట్టించుకోలేదు. డెన్మార్క్‌లో చెత్త చాలావరకు చెత్తబుట్టలోకే పోతుంది. మన దగ్గర అది మురిక్కాలవకి అడ్డం పడుతుంది, ఆవు కడుపులో ఉండచుట్టుకుంటుంది. కాబట్టి ఆ అధ్యయనం నుంచి మనం తీసుకోవలసింది ఒకటే: ఇంట్లో ఉన్న సంచే అన్నిటికంటే మంచిది. పెళ్ళిలో వెయ్యి కొత్త సంచులు పంచడం పర్యావరణ సేవ కాదు.

మన దేశంలో ప్లాస్టిక్ క్యారీబ్యాగు మందం 2021 సెప్టెంబరు 30 నుంచి కనీసం 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి కనీసం 120 మైక్రాన్లు ఉండాలన్నారు. మందం పెంచితే ప్లాస్టిక్ ఎక్కువే పడుతుంది కదా అనిపిస్తుంది. కానీ పల్చటి కవరును చెత్త ఏరుకునేవాళ్ళు ముట్టుకోరు. కిలో పోగవ్వాలంటే వందల కవర్లు కావాలి, అంత శ్రమకి కూలి గిట్టదు. మందం కవరుకి పాతసామాన్ల కొట్లో విలువ ఉంటుంది, దుకాణదారు కూడా దాన్ని ఊరికే ఇవ్వలేడు.

*

"మీ కార్బన్ పాదముద్ర ఎంత?" అనే ప్రశ్న ఎవరి నోట ప్రపంచమంతా తిరిగిందో మీకు తెలుసా?

మనిషి బతుకు భూమి మీద ఎంత చోటు ఆక్రమిస్తుందో కొలవడానికి 'పాదముద్ర' అనే మాటను వాడుకలోకి తెచ్చింది కెనడాలో విలియం రీస్, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్. అది 1990ల తొలిరోజుల మాట. కార్బన్ పాదముద్రను ఇంటింటి మాట చేసింది మాత్రం 2000ల మధ్యలో బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ నడిపిన ప్రకటనలు. దారినపోయే మనుషుల్ని ఆపి ఆ ప్రశ్న అడిగారు, లెక్క కట్టుకోవడానికి వెబ్‌సైట్లో ఒక కాలిక్యులేటర్ పెట్టారు.

ఆ ప్రశ్న తప్పని నేను అనను. ఎవరి ఇంటి లెక్క వాళ్ళు చూసుకోవలసిందే. కానీ ఆ ప్రశ్న అడిగిన కంపెనీ పని భూమిలోంచి చమురు తీసి అమ్మడం. బైకు వేసుకుని ఆఫీసుకెళ్ళే మనిషిని, మీ ఊళ్ళో బస్సు ఉందా, బస్టాపుకి నడిచివెళ్ళడానికి ఫుట్‌పాత్ ఉందా అని ఆ కాలిక్యులేటర్ అడగలేదు. బస్సు లేని ఊళ్ళో ఉన్నవాడి చేత బస్సెక్కలేదని తప్పు ఒప్పించడం న్యాయం కాదు.

ఇలాంటిదే ఇంకా పాత కథ ఒకటుంది. 1971లో అమెరికా టీవీల్లో ఒక ప్రకటన వచ్చింది. మూలవాసి వేషంలో ఉన్న మనిషి పడవ దిగి రోడ్డు పక్కన నిలబడతాడు, కారులోంచి ఎవరో విసిరిన చెత్త ఆయన కాళ్ళ దగ్గర పడుతుంది, ఆయన కంట నీరు కారుతుంది. కాలుష్యం చేసేదీ ఆపగలిగేదీ జనమేనని ఆ ప్రకటన సారం. కోట్లమందిని కదిలించింది. నటుడు నిజానికి ఇటలీ సంతతివాడు. ప్రకటన ఇచ్చిన 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' సంస్థ 1953లో పుట్టింది, పుట్టించినవాళ్ళలో డబ్బాలు, సీసాలు తయారుచేసే కంపెనీలున్నాయి. అదే 1953లో వెర్మాంట్ రాష్ట్రం, వాడి పారేసే బీరు సీసాలు అమ్మకూడదని చట్టం చేసింది. నాలుగేళ్ళకే ఆ చట్టం గడువు తీరిపోయింది, మళ్ళీ పొడిగించలేదు. సీసా వెనక్కి తీసుకునే బాధ్యత అమ్మినవాడి భుజం మీంచి జారి, విసిరినవాడి మనస్సాక్షి మీదికి వచ్చిపడింది.

మన గోళీసోడా గుర్తు తెచ్చుకోండి. బండి దగ్గరే నిలబడి తాగేవాళ్ళం, ఖాళీ సీసా చెక్క గళ్ళపెట్టెలో పెట్టేదాకా సోడా అతని కళ్ళు మన చేతి మీదే ఉండేవి. కూల్‌డ్రింకు ఇంటికి తెచ్చుకోవాలంటే సీసాకి డబ్బు కట్టాలి, లేదా ఖాళీ సీసా తీసుకెళ్ళాలి. ఆ రోజుల్లో వీధుల్లో సీసాలు కనపడకపోవడానికి కారణం మన తాతలు మనకంటే మంచివాళ్ళు కావడం కాదు. సీసాకి వెల ఉంది, వెనక్కి తీసుకునే చెయ్యి ఉంది.

ఆ ఏర్పాటు మళ్ళీ పెడితే ఏమవుతుందో మన పక్కనే చూడొచ్చు. నీలగిరుల్లో విసిరేసిన మద్యం సీసాలు పగిలి అడవి జంతువుల కాళ్ళకు గాయాలవుతున్నాయని మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకుంది. 2022 మే నుంచి అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగివ్వడం మొదలుపెట్టారు. సీసాల్లో చాలా భాగం వెనక్కి వచ్చాయి. జర్మనీలో వాడి పారేసే సీసాలకి 2003 నుంచి ఇదే పద్ధతి. అక్కడ ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు. నూటికి తొంభై అయిదుకు పైగా తిరిగొస్తాయి. నీలగిరుల తాగుబోతులు ఒక్క నెలలో ప్రకృతి ప్రేమికులైపోలేదు. పది రూపాయలు దారి చూపించాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి మంచినీళ్ళ సీసాకీ ఈ ఏర్పాటు రావాలని నాకు గట్టి కోరిక.

*

ఏసీ కొత్తది కొని మొదటిసారి ఆన్ చేస్తే తెర మీద కనపడే అంకె 24. అది కంపెనీ ఇష్టం కాదు. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ లేబులుతో అమ్మే గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 18 దగ్గర పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు మానేసి 24కి వస్తే మూడోవంతుకు దగ్గరగా తగ్గుతుంది. అంకె మార్చుకునే స్వేచ్ఛ ఎవరికీ పోలేదు. చాలామంది రిమోట్ చూపించిన అంకెను అలాగే వదిలేస్తారు, అంతే. కోట్ల ఇళ్ళ ఎంపికను ఒక నిబంధన మెల్లగా జరిపింది.

ఏసీ గురించి ఇంకో మాట చెప్పాలి. అది చల్లదనాన్ని తయారు చెయ్యదు. గదిలో వేడిని తీసి బయట పోస్తుంది. కంప్రెసర్ తిన్న కరెంటు కూడా వేడిగా మారి దానికి తోడవుతుంది. అంటే మన గదిలోంచి పోయిన దానికంటే సందులోకి వచ్చిపడే వేడే ఎక్కువ. మా అపార్టుమెంటు వెనక సందులో ఒక ఇస్త్రీ బండి ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి అయిదు నిమిషాలు నిలబడ్డాను. తల పైన వరసగా పదకొండు అవుట్‌డోర్ యూనిట్లు తిరుగుతున్నాయి. ముందు బొగ్గుల పెట్టె, వెనక ఆ పదకొండు. ఇస్త్రీ చేసే అతను మెడ మీద తడిగుడ్డ వేసుకున్నాడు, అయిదు నిమిషాలకే అది ఆరిపోతే మళ్ళీ బకెట్లో ముంచుకున్నాడు. ఆ పదకొండులో ఒకటి మాది. అప్పటినుంచి మా ఇంట్లో 26, ఫ్యాను తోడు.

*

ఎల్ఈడీ బల్బు సంగతి క్లుప్తంగా. 2014లో ప్రభుత్వం టోకున కొన్నప్పుడు బల్బు ధర 310 రూపాయలు. 2016కల్లా 38కి దిగింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాడు ఒక్కడే షాపుకి వెళ్ళి ఖరీదైన బల్బు కొంటే ధర దిగదు. అందరి తరఫునా ఒకేసారి బేరమాడితే దిగింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకట్లో ముంచాక వీధి దీపాలు తిరిగి పెట్టేటప్పుడు 90 వేలకు పైగా ఎల్ఈడీలే పెట్టారు.

*

మన రాజ్యాంగంలో పర్యావరణ బాధ్యత ఎవరిది? 1976లో వచ్చిన 42వ సవరణ రెండు చోట్ల రాసింది. 48-ఎ అధికరణం పర్యావరణాన్ని, అడవుల్ని కాపాడే పని రాజ్యానిదంది. 51-ఎ(జి) అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణుల్ని కాపాడటం, జీవుల పట్ల దయ చూపడం ప్రతి పౌరుడి విధి అంది. రెండూ ఒకే సవరణలో, ఒకే రోజు పుట్టిన కవలలు. రెండోదాన్ని బడిలో బట్టీ పట్టిస్తాం. మొదటిదాన్ని గ్రామసభలో చదివి వినిపించడం కూడా అంతే అవసరం.

ప్రపంచానికి కూడా ఇలాంటి సూత్రం ఒకటుంది. 1992లో రియోలో దేశాలన్నీ ఒప్పుకున్న మాట: బాధ్యత ఉమ్మడిది, కానీ ఎవరి వంతు వారిది, అన్ని వంతులూ సమానం కావు. ఎందుకో అంకెలు చెబుతాయి. మన దేశంలో సగటు మనిషి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు. అమెరికాలో 14 టన్నుల దరిదాపు. దేశాల మధ్యే కాదు, మనుషుల మధ్యా అంతే తేడా. ప్రపంచంలో అత్యంత సంపన్నులైన ఒక శాతం మంది 2019లో వదిలిన కాలుష్యం, అట్టడుగున ఉన్న 66 శాతం మంది వదిలినదానికి సమానమని ఆక్స్‌ఫామ్ లెక్క.

మన ఇళ్ళలో ఇది ఇలా కనిపిస్తుంది. హైదరాబాదు నుంచి డాలస్‌కి విమానంలో వెళ్ళిరావడానికి, లెక్కకట్టే పద్ధతిని బట్టి అటూఇటూ మారినా, తలకి రెండు టన్నులు పడుతుంది. సగటు భారతీయుడి ఏడాది మొత్తం అక్కడే అయిపోతుంది. మనవరాలి మొదటి పుట్టినరోజుకి వెళ్ళే తాతయ్యను, నాయనమ్మను ఆగిపొమ్మని చెప్పే నోరు నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. ఒక్కపూట మీటింగు కోసం సముద్రాలు దాటించే కంపెనీల్ని మాత్రం తప్పకుండా అడగొచ్చు. ఆ పని తెరమీద అయిపోతుంది. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం తెరమీద కాదు.

ఒకరి ఎంపికా, అందరి చట్టమూ కలిస్తే ఏమవుతుందనడానికి ఓజోన్ పొరే సాక్ష్యం. స్ప్రే డబ్బాల్లోని సీఎఫ్‌సీ వాయువులు ఆ పొరను తినేస్తాయని మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ 1974లో చెప్పారు. చట్టం ఇంకా రాకముందే చాలామంది అమెరికన్లు స్ప్రే డబ్బాలు కొనడం తగ్గించేశారు. 1978లో అక్కడ నిషేధం వచ్చింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం, 2009కల్లా ప్రపంచ దేశాలన్నీ సంతకం పెట్టాయి. జనం డబ్బా పక్కన పెట్టడం తొలి అడుగు. కానీ ఫ్రిజ్‌లో ఉన్న గ్యాసును ఎవరూ ఇంట్లో కూర్చుని మార్చలేరు, దానికి ఒప్పందమే కావలసివచ్చింది. అంటార్కిటికా మీద ఓజోన్ 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా.

*

ఇక నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన సంగతి. దీన్ని మన రైతులే చేసి చూపించారు, మనలో చాలామందికి తెలియదు.

ముందు ఒక చిన్న లెక్క. ఎకరం పొలంలో ఒక్క మిల్లీమీటరు మందాన నీళ్ళు పరచాలంటే 4,047 లీటర్లు కావాలి. వరికి మొత్తం మీద 1,200 మిల్లీమీటర్లు పట్టిందనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతుంది. పట్నంలో మనిషికి రోజుకి 135 లీటర్లు అనే ప్రమాణంతో చూస్తే, దాదాపు వందమంది ఏడాదంతా వాడుకునే నీళ్ళు. అందులో కొంత మళ్ళీ భూమిలోకి ఇంకుతుంది, నిజమే. అయినా పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయమని పిల్లలకు చెప్పే మనం, పళ్ళెంలో వదిలేసే అన్నంలో ఎన్ని కుళాయిలున్నాయో కూడా చెప్పాలి.

అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. వాన తక్కువ, కింద గట్టి రాయి. నీళ్ళుండేది ఆ రాతి పగుళ్ళలోనే. ఒకరు మూడువందల అడుగులకి బోరు దించితే, పక్క చేనివాడి రెండువందల అడుగుల బోరు ఎండిపోతుంది. అతను నాలుగువందలకి దించుతాడు. ఈ పందెంలో అప్పులపాలైన కుటుంబాలు ఎన్నో. పొలం ఎవరిదైతే కింది నీళ్ళూ వాళ్ళవే అన్నది ఎప్పటినుంచో సాగుతున్న పద్ధతి. రాతి పగులుకి సర్వే నంబర్లు తెలియవు.

2003 ప్రాంతంలో ఈ ఏడు జిల్లాల్లో, ఆరువందలకు పైగా ఊళ్ళలో, రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం ఒకటి నడిచింది. నెదర్లాండ్స్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు ఇచ్చాయి. ఊళ్ళో వర్షమాపకం పెట్టారు. పరిశీలన కోసం కొన్ని బోర్లు ఎంచుకున్నారు. చదువు పెద్దగా లేని రైతులు, ఆడవాళ్ళు కూడా, పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాశారు. డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో గడియారం చూసి బోరు ఎంత పోస్తోందో లెక్కకట్టారు. వానాకాలం అయిపోగానే అందరూ కూర్చునేవారు. ఎంత వాన పడింది, ఎంత ఇంకింది, ఖరీఫ్‌లో ఎంత తోడేశాం, ఇంకా ఎంత ఉంది? రబీలో ఎవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు, దానికెన్ని నీళ్ళు? కూడిక, తీసివేత. చాలా ఊళ్ళలో లోటే తేలేది.

తరవాత ఏమయిందో చూడండి. వరి వెయ్యొద్దని ఎవరూ అనలేదు. జరిమానా లేదు, రాయితీ లేదు. పైగా అవి 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చిన రోజులు. ఎంత తోడినా బిల్లు రాదు. అయినా ఇంటికెళ్ళి ఎవరి మడి లెక్క వాళ్ళు మార్చుకున్నారు. వరి విస్తీర్ణం తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్ళారు, కొందరు డ్రిప్పు పెట్టారు. చాలా పరీవాహక ప్రాంతాల్లో నీళ్ళు తోడటం తగ్గింది, రైతుల రాబడి తగ్గలేదు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భజలాల మీద వేసిన నివేదికలో ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా చెప్పుకుంది.

ఉమ్మడి సొత్తును మనుషులు తలా ఇంత దోచుకుని నాశనం చేస్తారని 1968లో గారెట్ హార్డిన్ రాసిన వ్యాసం ప్రపంచమంతా నమ్మింది. అలా కాని ఊళ్ళను వెతికి చూపించినందుకు ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆవిడే. మనకి ఈ సంగతి కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకి ఉండవలసిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు రాయి మీద చెక్కించారు. వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళు పట్టిందని కూడా రాసిపెట్టారు. చెరువు కింద తూము తెరిచి మడిమడికీ నీళ్ళు పారించే నీరుగంటికి (కొన్నిచోట్ల నీరటి అంటారు) చాలా ఊళ్ళలో సొంత పొలం ఉండేది కాదు. ఏ మడి మీదా మమకారం లేనివాడి చేతికే తూము అప్పగించారు. పంటలో అతనికి వాటా. నీళ్ళు పారే క్రమాన్ని మన ఊళ్ళలో వంతు అంటారు. తెలుగులో వాటా అన్నా వంతే, మన సారి వచ్చిందన్నా వంతే.

నీటిమట్టం కొలిచే పనిముట్టు చిన్నది. చక్రానికి చుట్టిన పొడుగాటి టేపు, చివర లోహపు గుండు. బోరులోకి నెమ్మదిగా దించుతారు. ఇరవై మీటర్లు, ముప్ఫై, నలభై. గుండు నీటిని తాకగానే పైన చక్రంలో కీచుమని చప్పుడవుతుంది. చుట్టూ వంగి చూస్తున్నవాళ్ళు అది వినగానే టేపు మీద అంకె చదివి, తేదీ వేసి, పుస్తకంలో రాస్తారు. సీజను చివర ఆ అంకెలన్నీ ఊళ్ళోవాళ్ళందరికీ కనపడేలా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసేవారు: పడిన వాన, ఇంకిన నీరు, వాడిన నీరు, మిగిలింది.